పప్పు డబ్బా మీద రాత

"సాయంత్రం నాలుగు దాకా మీకోసం ఆగుతాను సార్. ఆ తర్వాత ఫైల్ బంద్," అన్నాడు సబ్ ఇన్‌స్పెక్టర్ మణికుమార్, నా ముందు టీ గ్లాసు పెడుతూ.

గోడ గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది. పదకొండు రోజులుగా దొరకని సాక్ష్యం ఆరు గంటల యాభై నిమిషాల్లో దొరకాలన్నమాట. డిసెంబరు ఇరవై ఐదు, సెలవు రోజు. ఊరంతా కేకు తింటోంది. నేను మాత్రం స్టేషన్లో కూర్చుని నిన్నమొన్నటి కుర్రాడి చేత గడువు పెట్టించుకుంటున్నాను.

మణికుమార్‌కి కేసు డైరీ రాయడం నేర్పింది నేనే. పోర్ట్ బ్లెయిర్‌లో ముప్పై ఎనిమిదేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, నిరుడు రిటైరయ్యాను. ఇప్పుడు తప్పిపోయినవాళ్ళ ఆచూకీ తీసే పని. సునామీ వచ్చి రేపటికి రెండేళ్ళు. ఈ దీవుల్లో ఆ పనికి ఇంకా కరువు రాలేదు.

"నాలుగంటే నాలుగేనా?"

"సమితి వాళ్ళకి రిపోర్టు ఇవ్వాలి కదా సార్. రేపు ఐదున్నరకి ఫంక్షన్. మాస్టారి మీద కేసు ఉంటే షీల్డు ఎలా ఇస్తారు?"

సమితి అంటే ద్వీపాంధ్ర సాహితీ సమితి. ఏటా డిసెంబరులో 'ఈ ఏడాది మన అక్షరం' అని ఎనిమిది పేజీల కరపత్రం వేస్తుంది. ఈ ఏడాది, అంటే రెండువేల ఆరులో, దీవుల్లో తెలుగువాళ్ళు వేసిన పుస్తకాలు ఆరు. ఒకే బ్యాంకు ఆఫీసరు రాసిన కవితా సంపుటాలు రెండు. కొబ్బరిచెట్టు మీద శతకం ఒకటి. చేపల కూరల పుస్తకం ఒకటి. ఉగాది నాడు చదివిన కవితలన్నీ కలిపి కుట్టిన సంచిక ఒకటి. వీటిల్లో నేను రెండోసారి తెరిచింది చేపల కూరల పుస్తకమే. ఆరోది 'నీళ్ళు తీశాక' అనే నవల. రాసింది ఆస్టినాబాద్‌లో ఉండే పున్నయ్య మాస్టారు, తెలుగు పండితులుగా రిటైరయ్యారు. కార్ నికోబార్‌లో అల ముంచెత్తిన రోజు, ఆపైన నలభై రోజులు, ఒక స్కూలు టీచరమ్మ కళ్ళతో చెప్పిన కథ. అది చదివి నేను ఒక రాత్రంతా నిద్రపోలేదు. రేపు ఉత్తమ గ్రంథ పురస్కారం దానికే. విశాఖపట్నం నుంచి పబ్లిషరు కూడా వస్తున్నాడు.

డిసెంబరు పద్నాలుగున ఆ పుస్తకం ఆవిష్కరణ సభలో మాస్టారు ఒక పేజీ చదివారు. తల్లి చేపలమ్మడానికి వెళ్తూ, పిల్ల సముద్రం వైపు పోకుండా దాని కాలికి ఆకుపచ్చ వల దారం కట్టి మంచం కోడుకి ముడేసిపోయే ఘట్టం. వెనక వరసలోంచి ఒక ముసలమ్మ లేచి, "అది నా పద్మిని మాట! నా గుంట రాసిందది!" అని అరిచింది. వాలంటీర్లు రెక్క పట్టుకుని బయటికి పంపేశారు. ఆమె పేరు యర్రమ్మ, షాదీపూర్‌లో ఉంటుంది. కూతురు పద్మిని కార్ నికోబార్‌లో హిందీ మీడియం టీచరు. అల వచ్చిన రోజునే పోయిందని సర్కారు కాగితం ఇచ్చింది. యర్రమ్మకి చదువు రాదు. పుస్తకం చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చి, "నాకు బహుమతి వొద్దు బాబూ. దాని మీద నా పిల్ల పేరుండాల. దాని పేరు ఇంకెక్కడా మిగల్లేదు," అంది. ఆమె చేత స్టేషన్లో ఫిర్యాదు రాయించి, అప్పటినుంచీ తిరుగుతున్నాను, కాలికి బలపం కట్టుకుని.

"నీ రిపోర్టులో ఏం రాశావ్?" అన్నాను.

మణికుమార్ వేళ్ళు మడిచాడు. "ఒకటి, రాతప్రతి మొత్తం మాస్టారి చేతిరాత. రెండు, పద్మిని దీదీ రాసిన తెలుగు కాగితం ముక్క ఒక్కటి కూడా లేదు. అసలు ఆమెకి తెలుగు రాయడమే రాదు. మూడు, పుస్తకంలో అల తర్వాత నలభై రోజుల సంగతులున్నాయి. ఆమె మొదటి రోజే పోయింది. మరీ హువీ ఔరత్, చచ్చిపోయిన మనిషి, కితాబ్ ఎలా రాస్తుంది సార్?"

"ఆ పుస్తకం నువ్వు చదివావా?"

"మా అమ్మ చదివి వినిపించింది." వాడు ఇక్కడే పుట్టి పెరిగినవాడు. తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవమంటే నత్తి. "చదవకపోయినా చేతిరాత చేతిరాతే కదా."

ఒళ్ళు మండింది. మండినా వాడు మడిచిన మూడు వేళ్ళలో ఒక్కదాన్నీ విప్పలేకపోయాను. పెన్ను కోసం జేబులో చెయ్యి పెడితే చీటీ ఒకటి జారి బల్ల మీద పడింది. మా అమ్మాయి జాహ్నవి రాసిచ్చిన సామాన్ల జాబితా. మణికుమార్ దాని మీద ఒక చూపు వేసి నవ్వాడు. "చింతపండు అరకేజీయా సార్? ఇంట్లో పులుసు జోరుగా ఉంది."

చీటీ లాక్కుని బయటికొచ్చేశాను.

* * *

తొమ్మిదీ నలభైకి షాదీపూర్, యర్రమ్మ వంటగది. ఇది మూడోసారి.

"ఇంకోసారి గుర్తు చేసుకో యర్రమ్మా. పద్మిని రాసిన ఉత్తరం గానీ, పుస్తకం గానీ, ఏదో ఒకటి. తెలుగులో."

"ఉంటే దాచుకుంటానేటి బాబూ? సెలవలకొచ్చినప్పుడు రాత్తుండేది. మంచం మీద బోర్లా పడుకుని రాత్తా, సదివి వినిపించేది. తెలుగే. సక్కటి తెలుగు. కాయితాలు దాంతోటే ఎల్పోయినాయి."

గది గాలించాను. ట్రంకు పెట్టెలో రెండు చీరలు, చెప్పుల జత, దువ్వెన. అటక మీద తుప్పు పట్టిన లాంతరు. పొయ్యి పక్క అరలో వరసగా డబ్బాలు. వాటి మీద తెల్ల కాగితాలు అంటించి ఏదో హిందీలో రాసి ఉంది. పాత రేషను డబ్బాలు కాబోలు అనుకుని, వాటిని పక్కకి జరిపి వెనకాల వెతికాను. వెనకాల ఒక బొద్దింక తప్ప ఏమీ లేదు.

"దొరకదేటి బాబూ?"

"సాయంత్రంలోగా వస్తాను," అని మాత్రం అన్నాను.

* * *

పదకొండుకి ఆస్టినాబాద్. తలుపు తీసింది మాస్టారి భార్య సత్యవాణి గారు. మంచినీళ్ళిచ్చి, ముందు గదిలో కూర్చోబెట్టింది. మాస్టారు ఉతికిన లాల్చీలో, రేపటి సభకి ఇవాళే తయారైనట్టున్నారు.

"మళ్ళీ వచ్చారా గవరయ్యగారూ? రచన అంటే పోలీసులకి అర్థమయ్యే వస్తువు కాదని ఆవేళే చెప్పాను."

"అర్థం చేసుకుందామనే వచ్చానండీ. నవల ఎప్పుడు మొదలెట్టారు?"

"రెండువేల ఐదు ఫిబ్రవరి నెలాఖరున. ఆగస్టుకి పూర్తి."

"కార్ నికోబార్ వెళ్ళారా?"

"వెళ్ళకుండా ఎలా రాస్తాను? సహాయ సామగ్రి ఓడలో ఫిబ్రవరి ఏడున వెళ్ళాను. శిబిరంలో నాలుగు రోజులున్నాను. పదకొండున తిరుగు ఓడ ఎక్కాను."

"నాలుగు రోజులు చూసి నలభై రోజులు రాశారా?"

"దాన్నే కల్పన అంటారు."

"పద్మిని మీకు తెలుసా?"

"ఆదివారాలు తెలుగు అక్షరాలు నేర్పే తరగతి పెట్టేవాణ్ణి. మూడు వారాలు వచ్చి మానేసింది. అంతవరకే పరిచయం."

"శిబిరంలో ఆమె గురించి ఎవరైనా చెప్పారా?"

"పోయిన మనిషి గురించి ఏం చెబుతారండీ?" అని కళ్ళజోడు తుడుచుకున్నారు. నిజానికి అది అప్పటికే శుభ్రంగా ఉంది.

"మీ గది చూడొచ్చా?"

కాదనలేక చూపించారు. కిటికీ పక్క బల్ల, బల్ల మీద రాతప్రతి. నాలుగు వందల పన్నెండు కాగితాలు. ఒక్కొక్కటే తిప్పాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. తిప్పుతూ పోతుంటే నాకు చిరాకు మొదలైంది. నాలుగు వందల పన్నెండు కాగితాల్లో ఒక్క కొట్టివేత లేదు. ఒక్క మాట మార్చి రాసింది లేదు.

"చిత్తుప్రతి ఏదండీ?"

"నేను చిత్తు రాయను. మనసులో పూర్తయ్యాకే కాగితం ముడతాను."

రాతప్రతి పక్కనే రేపటి ఉపన్యాసం ఉంది. రెండే పేజీలు. లెక్కపెట్టాను. పదిహేడు చోట్ల కొట్టేసి, మళ్ళీ రాశారు. "సభకు నమస్కారం" అనే మాటనే రెండుసార్లు మార్చారు. నా చూపు ఎక్కడుందో గమనించి, మాస్టారు ఆ కాగితాల మీద చెయ్యి వేశారు.

"ఉపన్యాసం వేరు, నవల వేరు."

"అవునండీ. ఉపన్యాసం సొంతంగా రాసుకోవాలి కదా."

ఆయన మొహం కందగడ్డలా అయింది. నేను పట్టించుకోకుండా తల ఎత్తి అటక చూశాను. అటకంతా దుమ్ము. ఒకచోట మాత్రం జానెడు వెడల్పున దుమ్ము లేకుండా చదరంగా ఉంది. అక్కడ ఏదో కట్ట చాలాకాలం ఉండి, ఈమధ్యే కదిలింది.

"అక్కడేముండేది?"

"పాత పరీక్ష పేపర్లు," అన్నారు మాస్టారు.

"పరీక్ష పేపర్లు కాదు కదండీ, హిందీ రాతల కాపీలు, నోటుపుస్తకాలు," అంది గుమ్మంలోంచి సత్యవాణి గారు, పాపం సాయం చేద్దామనే. "ఎవరో హిందీ టీచరమ్మ దాచమన్నదని ఏడాదిన్నరగా పెట్టారు. సభకి చుట్టాలొస్తారని శనివారం ఇల్లు దులిపాను. నాకు హిందీ ముక్క రాదు. ఎందుకులే చెత్త అని సందు చివర చిన్నమ్మి బజ్జీల బండికి ఇచ్చేశాను."

"ఎవరిచ్చేయమన్నారు నిన్ను?"

మాస్టారి గొంతు ఇంటి కప్పు లేచిపోయేలా పలికింది. ఆవిడ బిత్తరపోయింది. హిందీ కాపీలకి ఇంత రంకె ఏమిటా అనుకున్నాను నేను. అనుకుని, ఊరుకున్నాను! నేను వెతుకుతున్నది తెలుగు. హిందీ నాకెందుకు? అలా ఊరుకున్నందుకు ఈరోజుకీ నన్ను నేను తిట్టుకుంటూనే ఉంటాను.

మాస్టారు నేరుగా ఫోను దగ్గరికి వెళ్ళారు. పన్నెండుంబావుకల్లా జీపు వచ్చి ఆగింది.

"సార్, ఇదేం పని?" మణికుమార్ నన్ను వరండాలోకి లాక్కొచ్చాడు. "పెద్దమనిషి ఇంట్లో జొరబడి, ఆయన్నే చోరీ చేశారంటారా? ఏ హైసియత్‌తో, ఏ హోదాతో?"

"కొట్టివేత లేని నవల ఎప్పుడైనా చూశావురా? అది ఎత్తిరాసింది. ఆయన ఉపన్యాసం చూడు, కొట్టివేతలతో గజ్జి పట్టినట్టుంది."

"అందంగా రాయడం నేరమా? అసల్ కాపీ ఏదీ? చూపించండి, ఇప్పుడే లోపలేస్తాను."

"వెతుకుతున్నాను."

"పదకొండు రోజుల నుంచా?" గొంతు తగ్గించాడు. "సార్, మీకు పని లేదని నాకు తెలుసు. ఒక ముసలామెకి ఆశ పెట్టి మీరు టైంపాస్ చేస్తున్నారు. బస్ కీజియే, ఇక చాలించండి. నాలుగుకి నేనే ఆమె ఇంటికెళ్ళి, ఫిర్యాదు వాపసు కాగితం మీద వేలిముద్ర తీసుకుంటాను."

కొట్టాలనిపించింది. వాడు చెప్పినదాంట్లో సగం నిజమేమోనని భయం వేసింది, అందుకే కొట్టలేదు. లోపలినుంచి మాస్టారు పిలిచారు. "మణికుమార్ గారూ, వచ్చి కూర్చోండి, కాఫీ తాగి వెళ్ళండి" అంటూనే ఆయన నా భుజం మీదుగా సందు చివరికి చూస్తున్నారు.

* * *

ఆకలి, కోపం కలిస్తే నాకు బజ్జీలు గుర్తొస్తాయి. పన్నెండూ నలభైకి చిన్నమ్మి బండి ముందు నిలబడ్డాను.

"నాలుగు మిరపకాయ బజ్జీ ఇయ్యమ్మా. బాగా కాలినవి."

"సెలవ రోజు కూడా డ్యూటీయేటి భయ్యా?" అంటూ చిన్నమ్మి ఒక కాగితం చింపి, బజ్జీలు వేసి చేతిలో పెట్టింది. మొదటి బజ్జీకే నోరు మండింది. రెండోది తింటూ కాగితం వైపు చూశాను. హిందీ చేతిరాత. నాకు హిందీ చదవడం వచ్చు గానీ బండి నడక. చిన్నపిల్లాడిలా పెదవులు కదుపుతూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతాను.

అ... మ్మ. నా. కా... లి... కి.

మిగతా బజ్జీలు బండి మీదకి దులిపేసి, కాగితం చేత్తో సాపు చేశాను.

అమ్మ నా కాలికి. అక్షరాలు హిందీవి. మాట హిందీ కాదు. నూనె మరక పక్కన మళ్ళీ మొదలుపెట్టాను. "అమ్మ నా కాలికి పసుపు" అని రాసి, పసుపు కొట్టేసి, పైన "ఆకుపచ్చ" అని రాసి ఉంది. "ఆకుపచ్చ వల దారం కట్టి, మంచం కోడుకి ముడేసి..."

జేబులోంచి జాహ్నవి చీటీ తీశాను. ఉప్పు. చింతపండు. ఎండుమిరపకాయలు. అన్నీ తెలుగు మాటలే, హిందీ అక్షరాల్లో. మా అమ్మాయి హిందీ మీడియం. ఈ దీవుల్లో పుట్టిన మన పిల్లలు సగం మంది తెలుగు ఇలాగే రాస్తారు. పదిహేనేళ్ళుగా అలాంటి చీటీ పట్టుకుని బజారుకి వెళ్తున్నవాణ్ణి నేను! పదకొండు రోజులుగా తెలుగు అక్షరాల కోసం దీవంతా గాలించాను. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు.

"చిన్నమ్మీ! ఈ కాపీలు ఎన్నొచ్చాయి నీకు?"

"ఐదు. ఏం?"

"ఇంకెన్నున్నాయి?"

"నిన్న గిరాకీ ఎక్కువ కదా. రెండైపోయినాయి. ఇది మూడోది, ఇప్పుడే మొదలెట్టినాను."

రెండు కాపీలు. ఎవరెవరో తిని, నూనె చేతులు తుడుచుకుని, కాలవలో పారేశారు. బండి చక్రాన్ని ఒక్క తన్ను తన్నాను. చిన్నమ్మి అదిరిపడింది.

"ఇచ్చెయ్యి. మిగిలినవన్నీ ఇచ్చెయ్యి. బజ్జీలకి ఇదిగో నా పేపరు, ఇదిగో నా జేబురుమాలు, ఏం కావాలంటే అది తీసుకో!"

కాపీలు చంకలో పెట్టుకుని తిరిగేసరికి, సందులో పున్నయ్య మాస్టారు వస్తున్నారు. జీపుని సాగనంపి నేరుగా వచ్చినట్టున్నారు. కాళ్ళకి చెప్పుల్లేవు. నన్ను చూశారు. చంకలో కట్ట చూశారు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. అప్పుడు టైము ఒకటీ ఐదు.

* * *

ఇంటికెళ్ళి తలుపు గడియ పెట్టి, అక్కడొక పేజీ ఇక్కడొక పేజీ తీసి రెండు గంటలు చదివాను. కొట్టివేతలు, బాణాలు, అంచుల్లో ఎక్కించిన వాక్యాలు. ఒక పేజీలో కన్నీళ్ళు పడ్డాయో వాన పడిందో, సిరా అలుక్కుపోయింది. పుస్తకం పక్కన పెట్టుకుని పోల్చాను. మాస్టారు అక్షరాలు మార్చారు, అంతే. మాట ఒక్కటి మార్చలేదు. నాలుగో కాపీ అట్ట మీద ఊదారంగు ముద్ర ఉంది, కార్ నికోబార్ సహాయ శిబిరం బడిది. జనవరి 2005. శిబిరం పెట్టింది అల తర్వాత. ఆ కాపీలో రాసిన మనిషి అలలో ఎలా పోతుంది?

ఐదో కాపీ చివరికొచ్చేసరికి మూడుంబావు. ఆఖరి పేజీ సన్న రాత, నా కళ్ళకి ఆనలేదు. అలాగే పట్టుకుని షాదీపూర్ పరిగెత్తాను.

కానీ ఇది పద్మిని రాతే అని చెప్పేదెవరు? ఉన్నది ఒక్క తల్లి, ఆమెకి చదువు రాదు. దారి పొడుగునా ఇదే నా దిగులు.

యర్రమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. కాపీ తెరిచి ఆమె ఒళ్ళో పెట్టాను. "ఇది చూడు. చదవక్కర్లేదు. ఊరికే చూడు."

ఆమె చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని, పేజీ మీద వేలు పెట్టింది. వేలు మెల్లగా కదిలింది. ఒకచోట ఆగింది. లేచి వంటగదిలోకి వెళ్ళి ఒక డబ్బా తెచ్చింది. డబ్బా మీద తెల్ల కాగితం, దాని మీద హిందీ అక్షరాల్లో రెండే అక్షరాలు. పప్పు.

"ఇదీ అదీ ఒకటే బాబూ. సూడండి, ఈ తోక. కింద ఇలా కొంకీ తిప్పి ఒగ్గేత్తాది. డబ్బాలన్నిటికీ అదే రాసి అంటించింది, అమ్మా నీకు తెలీపోయినా ఇంటికొచ్చినోల్లకి తెలుత్తాది అని. రోజూ పొద్దున్న లేచి ఈ తోకే సూత్తాను నేను. నాకు సదువు రాదు గానీ నా పిల్ల సెయ్యి తెల్దా?"

పప్పు, ఉప్పు, చక్కెర, గోధుమపిండి. ఉదయం పక్కకి జరిపి వెనకాల వెతికిన డబ్బాలు. నేను చెంపలు వేసుకోలేదు గానీ వేసుకోవాల్సిందే.

మూడూ యాభైకి జీపు ఆగింది. మణికుమార్ చేతిలో కాగితం, ఇంకు పెట్టె. "యర్రమ్మ ఆంటీ, ఇక్కడ ఒక వేలిముద్ర..."

"ముందు ఇది చదువు," అని కాపీ వాడి ఛాతీకి ఆనించాను. "హిందీ అక్షరాలు నాకంటే నీకే బాగా వచ్చు."

చిరాగ్గా తెరిచాడు. రెండు వరసలు చదివాడు. నవ్వుదామనుకున్న మొహం నవ్వలేదు. పేజీ తిప్పాడు. ఇంకోటి. పప్పు డబ్బా చూపించాను, కొంకీ చూపించాను. అట్ట మీద ఊదా ముద్ర చూపించాను. టోపీ తీసి మెట్టు మీద పెట్టి, తనూ మెట్టు మీదే కూలబడ్డాడు.

"సార్, మేం కూడా సోదాకి వచ్చాం ఇక్కడికి. ఈ డబ్బాలు నేనే జరిపాను."

"నేనూ జరిపాను. ఆఖరి పేజీ చదువు. గట్టిగా చదువు, ఆమెకి వినపడాలి."

మణికుమార్ గొంతు సవరించుకున్నాడు. నత్తి లేదు, తడబాటు లేదు, సొంత భాష చదువుతున్నట్టే చదివాడు.

"'తొమ్మిది ఫిబ్రవరి రెండువేల ఐదు. మాస్టారూ, ఐదు కాపీలూ మీ చేతికిస్తున్నాను. నాకు తెలుగు అక్షరాలు రావు కదా, మీరే తెలుగు అక్షరాల్లోకి దింపిపెట్టాలి. తప్పులు దిద్దకండి, అమ్మ మాట అలాగే ఉండాలి. పిల్లలందర్నీ వాళ్ళ వాళ్ళకి అప్పజెప్పేశాను, ఇంక నాకు ఇక్కడ పని లేదు. బతికే ఉన్నానని అమ్మకి మూడు చీటీలు పంపాను, అందాయో లేదో. ఎల్లుండి మీతోపాటే నేనూ ఓడ ఎక్కుతాను...'"

వాడు ఆగిపోయాడు. తొమ్మిదికి ఎల్లుండి పదకొండు. పదకొండున తిరుగు ఓడ ఎక్కానని పొద్దున్నే నాతో చెప్పిన మనిషి పున్నయ్య మాస్టారు.

యర్రమ్మ ఏడవలేదు. మణికుమార్ మోకాలి మీద చెయ్యి వేసింది. "మరి ఎక్కిందా బాబూ? ఆ ఓడ వచ్చిందా?"

నా చేతిలో అచ్చుపుస్తకం ఉంది. పదకొండు రోజులుగా చంకలో మోస్తున్నదే. మొదటి పేజీ తీశాను. అంకితం ఒక్క వరస. మొదటిసారి చూసినప్పుడు కవుల పైత్యం అనుకుని పేజీ తిప్పేశాను. సమితి కరపత్రం దాన్ని ఎంతో గొప్ప భావన అని మెచ్చుకుంది. మణికుమార్‌కి తెలుగు చదవడం రాదని గుర్తొచ్చి, నేనే పైకి చదివాను.

"ఓడ ఎక్కి, రేవు దిగని అమ్మాయికి."

మణికుమార్ లేచి నిలబడ్డాడు. ఎక్కిందని మాస్టారికి తెలుసు. దిగలేదని కూడా తెలుసు. దాదాపు రెండేళ్ళుగా తెలిసి, ఈ ముసలామె ఉన్న ఊళ్ళోనే కూర్చుని, తెలుగు అక్షరాల్లోకి దింపుకున్నాడు. తెచ్చిన కాగితాన్ని మణికుమార్ నాలుగు మడతలు పెట్టి, జేబులో కుక్కుకున్నాడు. వేలిముద్ర అడగలేదు.

"సార్, మీరూ జీపెక్కండి," అన్నాడు.

యర్రమ్మ పప్పు డబ్బా ఒళ్ళోంచి దించలేదు. మేం మెట్లు దిగుతుంటే వెనకనుంచి పిలిచింది.

"బాబూ, పుస్తకం మీద పేరు సంగతి తర్వాత సూద్దురు. నా పిల్ల ఏ రేవులో దిగలేదో, ముందు అదడగండి ఆయన్ని."